కోడలు వేసిన లాక్

నర్సప్ప చాకును కంటితో కాదు, చెవితో చూస్తాడు. బ్లేడు తెరిచి, మొనను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పిడిని కిందికి వేలాడదీసి, చెవి పక్కన పెట్టుకుని మెల్లగా ఊపుతాడు. ఎక్కడైనా టిక్కుమందా, ఆ చాకు మళ్ళీ బల్ల మీది వైస్ పట్టులోకి పోవాల్సిందే. అశోక్ చౌక్ వెనక సందులో వాళ్ళ ఇంటికి అటుపక్క ఒక పవర్‌లూమ్ కార్ఖానా, ఇటుపక్క ఇంకో కార్ఖానా. పొద్దస్తమానం ధడధడమంటూ చెవులు తినేస్తుంటే ఈ ముసలాయనకు ఆ టిక్కు ఎట్లా వినబడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ఉదయం ఆయన ఊపుతున్నది కోడలు ఋతుజ బిగించిన చాకు. ఆమె పాత టవల్ ముక్కతో చేతులు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ ఆయన ముఖం వంకే చూస్తోంది.

"ప్లే లేదు," అన్నాడు నర్సప్ప.

మగ్గాలు బాగుచేసే జాబరుగా బతికిన మనిషి. ఇనుము ఇనుముతో కలిసేచోట రవ్వంత కదలిక ఉన్నా దాన్ని ప్లే అంటాడు, పగవాడిని చూసినట్టు చూస్తాడు. ఆయన మెచ్చుకోలు ఆ రెండు మాటల కంటే పొడుగుండదు. ఋతుజకు అవి చాలు. ఆ పూట అన్నం కూడా ఎక్కువ రుచిగా ఉంటుంది.

మడత చాకు పిడిలో రెండు ఉక్కు రేకులుంటాయి. ఒక రేకును పొడుగునా చీల్చి లోపలికి వంచితే అదే లాక్ పట్టీ. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే పట్టీ పక్కకు జరిగి బ్లేడు మడమ వెనక నిలబడుతుంది. ఇక బొటనవేలితో నెడితే తప్ప మూసుకోదు. పని అంతా ఆ పట్టీ కొసలో ఉంది. దాన్ని ఆకురాయితో కొంచెం వాలుగా అరగదీయాలి. వాలు ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే పట్టుకుని వదలదు. సరిగ్గా కుదిరితే మాత్రం, అరిగేకొద్దీ పట్టీ ఇంకాస్త లోపలికి జరుగుతూ ఏళ్ళ తరబడి పట్టు నిలుపుకుంటుంది. నర్సప్ప చాకులకు ఇదివరకు లాకే లేదు, వెనక స్ప్రింగు బిగువు మీద నిలిచేవి. లాక్ అన్నది ఋతుజ కాపురానికి వచ్చాక పుట్టిన ముచ్చట. ఆమె చేతిలో ఆకురాయి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడం చూసి, ఆయన ఉక్కు ఎంచడం, కాల్చి నూనెలో ముంచడం, ధార పెట్టడం తన దగ్గర ఉంచుకుని, లాక్ మొత్తం ఆమెకే వదిలేశాడు.

ఆ చాకు కోసమే పెంటప్ప గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నూలుకు గంజి పెట్టే సైజింగ్‌లో పని ఆయనది. చాకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పిడి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెల పాత కర్రతో చేసింది, అరచేతిలో చక్కగా ఒదిగింది. బ్లేడు మాత్రం ఆయనకు నచ్చినట్టు లేదు.

"గిదేంది నర్సప్పా, గింత తెల్లగ మెరుస్తున్నది? రామచంద్రం చాకు లెక్కనే కావాలంటి కద."

"రామచంద్రానికి ఏసింది మెషీన్ హ్యాక్సా బ్లేడు ఉక్కు. ధార ఏక్ నంబర్ నిలుస్తది గని తడిని ఓర్చుకోదు. నువ్వు దినమంత గంజిల చేతులు పెట్టెటోనివి. నీకు స్టెయిన్‌లెస్సే మంచిది. ధార జల్ది పోతది, రాయి మీద నూరుకో. తుప్పు మాత్రం రాదు."

"గట్లనా?"

"మనిషిని చూసి ఉక్కు తియ్యాలె. ఉక్కును చూసి మనిషిని తెచ్చుకుంటమా?"

పెంటప్ప నవ్వాడు. నర్సప్ప ఎప్పటిలాగే కిటికీలోంచి మగ్గాల నూనె డబ్బా అందుకుని, బ్లేడు కీలు మీద ఒక్క చుక్క వేసి, చాకును కళ్ళకద్దుకుని ఇచ్చాడు. "రోజు పొద్దుగాల ఒక చుక్క పొయ్యి. ఇనుముకు గూడ నోరు తడవాలె," అన్నాడు. ఆయన చేతిలోంచి చాకు తీసుకున్న ప్రతివాడూ విన్న మాటే అది. సందులో సగంమంది మగ్గానికి నూనె పోసిన చేత్తోనే చాకుకూ ఒక చుక్క పోస్తారు, అదో భక్తి.

మధ్యాహ్నం వినాయక్ షిఫ్టు మధ్యలో ఇంటికి వచ్చాడు. ఋతుజ మొగుడు, సందు చివర టవళ్ళ కార్ఖానాలో మగ్గం నడుపుతాడు. చొక్కా మీద రక్తం మరక చూసి ఋతుజ ఆకురాయి కింద పడేసింది.

"నాది గాదు," అన్నాడు వినాయక్. "రామచంద్రం కాకది. రోలర్‌కు చుట్టుకున్న నూలు కోస్తుండె. మొన ఇరికితె వెనుకకు గుంజిండు. చాకు టప్పున మూసుకపోయింది. చూపుడు వేలు ఎముక దాక తెగింది. దవఖానల కుట్లేసిండ్రు."

"ఏ చాకు?" అన్నాడు నర్సప్ప.

వినాయక్ తండ్రి వైపు కాదు, పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపే జవాబు.

రామచంద్రం అంటే ఆ సందులో మామూలు నేతగాడు కాదు. తెగిన పోగును ఆయన ముడేస్తే గోటికి కూడా తగలదు. ఆయన ఫలానా కొట్టులో టీ బాగుందంటే ఆ సాయంత్రం అక్కడ నిలబడే చోటు ఉండదు. అలాంటి మనిషి కట్టు కట్టిన చేత్తో చౌక్‌లో నిలబడి ఒక మాట అన్నాడు. మాట సందులోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మోసుకొచ్చింది సుందరాబాయి. ఎదురింటి గడప మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, తునికాకు కత్తిరిస్తూనే చెప్పింది.

"నేనంటలేనే తల్లీ, చౌక్‌ల అంటుండ్రు. ఆడపిల్ల చేతికి లాక్ అప్పజెప్తె వేళ్ళు తెగక ఏమైతదని. మీ మామ చేసినన్ని రోజులు ఒక్క వేలన్న తెగెనా అని."

"అప్పట్ల లాకే లేకుండె అత్తా!"

"గదే నేనూ అన్న. ఎవరింటరు?"

సాయంత్రానికి చాకులు వాపసు రావడం మొదలైంది. ఎవరూ లోపలికి రాలేదు, ఒక్క మాటా అనలేదు. గడప మీద పెట్టి తలవంచుకుని పోయారు. తిట్టినా బాగుండేదని ఋతుజకు అనిపించింది. చాకులన్నీ కొంగులో ఏరి లోపల పెట్టింది. నిజంగా తన చెయ్యే తప్పిందేమో? ఆ చాకు చేసిన రోజు ఏం ఆలోచిస్తూ ఆకురాయి పట్టిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఎంత వెతికినా ఆ రోజు దొరకలేదు.

"కొన్ని దినాలు లాక్ పని బంద్ చెయ్యి," అన్నాడు వినాయక్ అన్నం తింటూ. చెడ్డవాడు కాదు పాపం. రేపు ఆ కార్ఖానాలోనే రామచంద్రం పక్క మగ్గం మీద నిలబడాల్సినవాడు. "బాపూ, నువ్వన్న చెప్పు."

నర్సప్ప చెయ్యి కడుక్కుని లేచాడు. తెల్లవారగానే తలకు రుమాలు చుట్టుకుని రామచంద్రం ఇంటికి వెళ్ళాడు. తిరిగొచ్చి, టవల్ ముక్కలో చుట్టిన చాకును ఋతుజ ముందు పెట్టాడు.

"నేను ముట్టలే. లాక్ నీది. నువ్వే చూడు," అని టీకి వెళ్ళిపోయాడు.

ఇంకెవరైనా అయితే ముందు తామే విప్పి చూసి, తప్పు ఎవరిదో తేల్చుకుని, ఆ తర్వాత నోరు తెరిచేవాళ్ళు. ఆయన అట్లా చేయలేదు. ఆ నమ్మకం ఋతుజకు ఊరట కన్నా బరువుగా తోచింది. చాకు తెరిచింది. మామలాగే మొన పట్టుకుని చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. బ్లేడు పట్టుకుని పైకీ కిందికీ, అటూ ఇటూ కదిపింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బ్లేడు వీపును కర్ర మీద మెల్లగా కొట్టింది. నిలిచింది.

లాక్ బాగానే ఉందని సంతోషించాల్సింది. కానీ ఆమెకు భయం ఇంకా ఎక్కువైంది. ఏడాది పైగా నేతగాడి చేతిలో నలిగిన చాకు. రవ్వంతైనా ప్లే ఉండాలి కదా! వాడిన చాకు కొత్తదాని కన్నా బిగువుగా ఉండటమేమిటి?

పిడిని గుడ్డలో చుట్టి వైస్‌లో బిగించింది. కర్రముక్కను బ్లేడు వీపు మీద పెట్టి, మొన ఇరికినప్పుడు గుంజినంత గట్టిగా నొక్కింది. ముందు ఆగింది. తర్వాత రబ్బరు మీద నొక్కినట్టు కొంచెం కొంచెంగా లొంగి, ఉన్నట్టుండి టప్పున మూసుకుపోయింది. అయిపోయింది, అందరూ అన్నది నిజమే, ఆ మనిషి వేలు తనే తెగ్గోసింది.

మొండిగా కీలు మర తిప్పి బ్లేడు ఊడదీసింది. పట్టీ కొస మీద, బ్లేడు మడమ మీద ఏదో బూడిదరంగు పొర. గోటితో గీకితే ఊడలేదు, సూదితో పొడిస్తే పెచ్చులా లేచింది. టవల్ నూగు. మగ్గాల మీద మంచులా ఎగిరే ఆ పత్తి నూగంతా నూనెకు అంటుకుని, రోజుకింత లోపలికి దూరి, కంబళి ముక్కలా గట్టిపడింది. పట్టీ ఉక్కు మీద కాదు, ఆ నూగు దిండు మీద నిలబడింది. ప్లే కనబడకపోవడానికీ అదే కారణం, నొక్కితే జారడానికీ అదే కారణం.

చిన్న పళ్ళెంలో కిరోసిన్ పోసి అన్నీ కడిగింది. పట్టీ కొస మెరిసింది. తను వేసిన వాలు వేసినట్టే ఉంది. మళ్ళీ బిగించి, వైస్‌లో పెట్టి, ఒంటి బరువంతా మోపి నొక్కింది. ఉక్కు మీద ఉక్కు. కదల్లేదు. ఋతుజ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఈ పళ్ళెం ఎత్తుకుని చౌక్‌లోకి పోయి, ఆడపిల్ల చెయ్యన్నవాళ్ళందరి ముక్కు కింద పెట్టాలనిపించింది. చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టింది.

ఆగిపోయింది. పళ్ళెంలోంచి మగ్గాల నూనె వాసన వస్తోంది.

ఇంట్లోకి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న మొగుడి రెండో చాకు తెచ్చి విప్పింది. అదే బూడిద పొర. గడప మీద పెట్టి పోయిన చాకుల్లో చేతికందింది విప్పింది. మళ్ళీ అదే. ఎవరు పొయ్యమన్నారు వీళ్ళందరినీ? ఎవరి చేతి చుక్క ఇది? పాత చాకులకు లాక్ లేదు కాబట్టి నూనె పోసినా నష్టం లేకపోయింది. ఇప్పుడు చౌక్‌లో నిలబడి ఈ నిజం చెబితే ఆమె చెయ్యి కడిగిన ముత్యమవుతుంది. ఇన్నేళ్ళు సందంతా తలెత్తి చూసిన మనిషి చెయ్యి మసిబారుతుంది. తన చేతికి ఆకురాయి ఇచ్చినవాడు, లాక్ నీది నువ్వే చూడు అన్నవాడు. ఋతుజ చెప్పులు విప్పేసింది. పళ్ళేన్ని బల్ల కిందికి తోసి గుడ్డ కప్పింది.

నర్సప్ప రాగానే, ఆయన అడగకముందే చెప్పేసింది.

"పట్టీ సక్కగ కూసోలే మామా. తప్పు నాదే."

ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. "అట్లనా," అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున ఋతుజ వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. రామచంద్రం చాకు విప్పి ఉంది. పట్టీని కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. బల్ల కింద ఉండాల్సిన పళ్ళెం బల్ల మీద ఉంది.

"ఈ వాలు నేనేసినా గింత మంచిగ రాదు," అన్నాడు. అంత పొడుగు మెచ్చుకోలు ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు. సంతోషించే స్థితిలో మాత్రం లేదు. "నీ చేతికి అబద్ధమాడుడు రాదు బిడ్డా. మరి నోరెందుకు ఆడింది?"

ఋతుజ తలవంచుకుంది. "మీ పేరు పోతదని."

"నాది పోవద్దని నీది పోగొట్టుకుంటివా?"

"నేనేంది మామా, ఇయ్యాల మొదలువెట్టినదాన్ని. మీరు..."

"నేను జాబర్‌ను," అన్నాడు నర్సప్ప. ఆ మాటలో కోపం ఉంది. ఆ కోపం ఆమె మీద కాదు. "నూగెగిరే చోట నూనె పోస్తే ఏమైతదో నాకు తెల్వదా? మగ్గాల కాడ దినాం గీకి తీసిన ఈ మురికిని. చాకు మారింది, నా చెయ్యి మారలే. గంతే." పళ్ళెంలోని కిరోసిన్‌ను వేలితో కదిపి చూశాడు. "ఎన్ని చాకులు ఇంక బయట ఉన్నయో. ఇంకెవని వేలు మీద మూసుకపోవాల్నో."

చాకు మళ్ళీ బిగించి, లేచి రుమాలు చుట్టుకున్నాడు. పళ్ళెం ఒక చేత, చాకు ఒక చేత పట్టుకుని బయటికి నడిచాడు. ఋతుజ వెనకాలే వెళ్ళింది. "వద్దు మామా, అందరి ముంగట వద్దు, రామచంద్రం కాకకు ఒక్కనికి చెప్పుర్రి చాలు," అంటూ సందు పొడుగునా బతిమాలింది. విన్నట్టే లేడు.

షిఫ్టు మారే వేళ. చౌక్‌లో టీ బండి చుట్టూ నేతగాళ్ళు గుంపుగా ఉన్నారు. జుట్టు మీదా, మీసాల మీదా తెల్లటి నూగు. రామచంద్రం కట్టు కట్టిన చేతిని ఎత్తిపెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. వినాయక్ ఒక పక్కన నిలబడి ఉన్నాడు. తండ్రినీ, వెనక పెళ్ళాన్నీ చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

నర్సప్ప ఎవరినీ పలకరించలేదు. పళ్ళేన్ని రామచంద్రం పక్కన బెంచీ మీద పెట్టి, మురికిని వేలితో తీసి చూపించాడు.

"నీ వేలు కోసింది గిది. లాక్ గాదు. నూనె, నూగు. కీలుల పోయి గడ్డ కట్టింది."

రామచంద్రం వంగి చూశాడు. వాసన చూశాడు. నేతగాడు, అర్థం చేసుకోవడానికి ఎంతసేపు?

"గట్లయితె తప్పు నాదే గద నర్సప్పా. దినాం పోసింది నేనే."

అక్కడితో ఆపేస్తే సరిపోయేది. వేలు తెగినవాడే తప్పు ఒప్పుకున్నాడు, ఋతుజ చెయ్యి బయటపడింది, నర్సప్ప పేరు ఎక్కడికీ పోలేదు. ఋతుజ ఊపిరి పీల్చుకుని మామ చొక్కా అంచు పట్టి లాగింది కూడా.

"పొయ్యమన్నదెవరు?" అన్నాడు నర్సప్ప.

రామచంద్రం చూపు మళ్ళీ పళ్ళెంలోకి దిగింది.

"చెప్పు. నీకెవరు చెప్పిండ్రు? నీకు? ఒరే వినాయక్, నీకు?" గుంపులో ఒక్కొక్కరినీ చూశాడు. "నేనే. చాకిచ్చినప్పుడల్ల చుక్కేసి మరీ చెప్పిన. ఈ పిల్ల చేసిన లాక్‌ల రవ్వంత తప్పు లేదు. తప్పు నా చుక్కది. ఇగ ఎవ్వరు పొయ్యకుండ్రి. ఇండ్లల్ల ఉన్న చాకులన్ని తెచ్చియ్యుండ్రి, కడిగిస్తం."

గొంతు వణకలేదు. తల దించలేదు. అలవాటైన పని చేస్తున్నట్టు, ఒక మగ్గం ఎందుకు ఆగిందో చెబుతున్నట్టు చెప్పాడు. ఋతుజకు ఆ మనిషి పాదాలకు అక్కడే దండం పెట్టాలనిపించింది. అందరి ముందూ సిగ్గేసి పెట్టలేదు.

రామచంద్రం ఆమె వైపు తిరిగాడు. ఏదో అనబోయి, కట్టు లేని చేత్తో గడ్డం రుద్దుకున్నాడు. "బిడ్డా, కొత్త చాకు..." అన్నాడు చివరికి.

"కొత్తదెందుకు కాకా? ఇదే మంచిగున్నది. ముందుగాల వేలు మాననియ్యి," అంది ఋతుజ. కోపం పూర్తిగా పోలేదు. అయినా మామ చేతిలోంచి చాకు తీసుకుని మూసి, రామచంద్రం జేబులో తనే పెట్టింది.

ఆ తర్వాత చాకులు గడప మీదికి కాదు, గడప దాటి లోపలికే వచ్చాయి. ఋతుజ వాటిని ఒక్కొక్కటే విప్పి, కడిగి, ఆరబెట్టి, బిగిస్తూ పోయింది. నూగు లోపల నిలవకుండా జారిపోయేందుకు పిడి వెనక వీపును తెరిచి ఉంచితే ఎట్లా ఉంటుందని అడిగింది. నర్సప్ప ఒక పాత పిడిని తనే కోసి చూపించాడు. వినాయక్ కార్ఖానా నుంచి రాగానే చాకుల పక్కన కూర్చుని మరలు తిప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

సుందరాబాయి చాటతో సహా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. తంబాకు ఆకులో వేసి చుడుతూ, లోపల నర్సప్ప ఉన్నాడని కూడా చూసుకోకుండా మొదలెట్టింది.

"చౌక్‌ల ఏమంటుండ్రో ఎర్కేనా? నర్సప్పకు వయసు మీద పడ్డదంట. చెయ్యి తప్పిందంట. కోడలు ఉన్నది గాబట్టి సరిపోయింది గని లేకుంటె దుకాణం ఎప్పుడో మూతపడుతుండెనంట."

ఋతుజ ఆకురాయి పట్టుకునే లేచింది. "ఎవడన్నడు? పేరు చెప్పు అత్తా. వాళ్ళింటికే పోత. ఆయన ముంగటవడి చెప్పకుంటె వాళ్ళకు తెలుస్తుండెనా అసలు? ఇంత నిజం చెప్పెటోడు ఆ చౌక్‌ల ఇంకొకడున్నడా?"

"కూసో," అన్నాడు నర్సప్ప ధార పెడుతున్న బ్లేడు మీది నుంచి కళ్ళెత్తకుండా.

"ఎట్ల కూసుంట మామా? ఎన్ని దినాలు చేసిండ్రు మీరు! ఒక్క పూటల ఇట్ల..."

"అంటరని తెల్వకనే పోయిన్ననుకున్నవా?" బ్లేడును రాయి మీద ఒకసారి లాగాడు, మళ్ళీ తిప్పి లాగాడు. "నాకింక పేరుతోటి ఏం పని? ఉన్న కండ్లకు, చేతులకు ఈ రాయి చాలు. నువ్వు ఇంక ముసలిదానివయ్యే దాక చెయ్యాలె. పేరు లేకుంటె ఆడదాని చాకు ఎవడు కొంటడు? ఒకరి పేరు పోతెనే ఇంకొకరిది నిలబడేటట్టుంటె, నాదే పోనియ్యి."

ఋతుజ ఆకురాయిని బల్ల మీద పెట్టి కూర్చుంది. సుందరాబాయి చుడుతున్న బీడీ చేతిలోనే ఉండిపోయింది.

గుమ్మం ముందు ఎవరో మోటారు సైకిల్ ఆపారు. ఊరవతల కుంభారి కాలనీ నుంచి వచ్చినట్టుంది, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. కొత్త మనిషి. లోపలికి తొంగి, ఎదురుగా బల్ల ముందు కూర్చున్న నర్సప్పను దాటి గదంతా చూశాడు.

"లాక్ చాకు కావాలె. అవి చేసే ఆడామె ఇక్కడనే ఉంటదా తాతా?"

నర్సప్ప రాయి మీది బ్లేడు తీసి తుడిచాడు. ముడతలు పడ్డ ఆ ముఖం ఎంత వెలిగిందో ఋతుజ చూసింది. తన చాకును ఊపి చూసి ప్లే లేదు అన్న రోజున కూడా అది అంత వెలగలేదు.

"ఋతుజా, నీకోసం వచ్చిండ్రు," అని గొంతెత్తి చెప్పి, వచ్చినవాడు కూర్చోవడానికి చోటిస్తూ తన పీటను పక్కకు జరుపుకున్నాడు.